యూరియాతో ఎండకు పనిచేసే హైబ్రిడ్ ఉత్ప్రేరకం: తయారీ, పరీక్ష, పొరపాట్లు

మే నెల మిట్టమధ్యాహ్నం విజయవాడలో ఏ డాబా మీదైనా మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు కలిపిన నీళ్ల బీకరు పెట్టి చూడండి. అందులో ఏ పొడీ వెయ్యకపోయినా కాసేపటికి నీలం పలచబడుతుంది. ఈ రంగు ఎండకు దానంతటదే విరుగుతుంది. ఈ సంగతి తెలియకుండా చేసిన ప్రాజెక్టుల్లో ఎండ చేసిన పనిని కూడా నానో పదార్థం ఖాతాలో వేసేస్తుంటారు. అందుకే ఇక్కడ ఎండ కాంతితో నీటిలోని రంగును విరగ్గొట్టే ఉత్ప్రేరకం పొడి ఎలా చేయాలో చెప్పి ఊరుకోకుండా, అది నిజంగా పనిచేసిందో లేదో ఎలా తేల్చుకోవాలో ఎక్కువగా చెబుతున్నాం. ఎమ్మెస్సీ, బీటెక్ ప్రాజెక్టు చేసేవాళ్లకు, మంగళగిరి లాంటి చోట అద్దకం నీళ్ల మీద పని చేయాలనుకునేవాళ్లకు ఇది పనికొస్తుంది.

చేయబోయేది రెండు పదార్థాల జత: టైటానియం డయాక్సైడ్ (టైటానియా), గ్రాఫైటిక్ కార్బన్ నైట్రైడ్.

రెండెందుకు?

కాంతి పడితే టైటానియా నీటిని విడగొట్టగలదని ఫుజిషిమా, హోండా 1972లో చూపించారు. అప్పటినుంచీ ఈ రంగంలో దానిదే పెద్దపీట. చవక, గట్టిది, నీటిలో కరగదు. కానీ దాని అనటేజ్ అనే స్ఫటిక రూపానికి బ్యాండ్ గ్యాప్, అంటే ఎలక్ట్రాన్‌ను కదిలించడానికి కాంతి ఇవ్వాల్సిన కనీస శక్తి, 3.2 ఎలక్ట్రాన్ వోల్టులు. ఆ శక్తిని నానోమీటర్లలో తరంగదైర్ఘ్యంగా మార్చడానికి 1240ని 3.2తో భాగిస్తే 388 వస్తుంది. అంటే 388 నానోమీటర్ల కంటే పొట్టి తరంగాలు, అతినీలలోహిత కాంతి మాత్రమే, దాన్ని కదిలిస్తాయి. నేలకు చేరే ఎండలో ఆ కాంతి వాటా నాలుగైదు శాతమే. మన ఊళ్లలో కాసేంత ఎండలో మిగతాదంతా దానికి వృథా.

కార్బన్ నైట్రైడ్ బ్యాండ్ గ్యాప్ 2.7. లెక్క కడితే దాదాపు 460 నానోమీటర్లు, అంటే నీలి కాంతి కూడా దానికి పనికొస్తుంది. కాంతితో నీటి నుంచి హైడ్రోజన్ తీయడానికి అది పనికొస్తుందని 2009లో తేలింది. దాని లోపం ఏమిటంటే, కాంతి పుట్టించిన ఎలక్ట్రాన్, అది ఖాళీ చేసిన రంధ్రం పని మొదలెట్టేలోపే మళ్లీ కలిసిపోతాయి. పక్కనే టైటానియా అతుక్కుని ఉంటే ఎలక్ట్రాన్ అటు జారుకుంటుంది, రంధ్రం ఇటు మిగులుతుంది. ఎలక్ట్రాన్ నీటిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని సూపరాక్సైడ్‌గా మారుస్తుంది, అది రంగు అణువును కొరుకుతుంది. ఈ దారంతా రెండు రేణువులూ ఒకదాన్నొకటి నిజంగా తాకి ఉంటేనే. డబ్బాలో కలిపి కుదిపినంత మాత్రాన హైబ్రిడ్ కాదు.

కొనేటప్పుడు

యూరియా అనగానే గుంటూరు జిల్లాలో ఎరువుల కొట్టు గుర్తొస్తుంది. దాన్ని వాడకండి. 2015 నుంచి దేశంలో తయారయ్యే ఎరువు యూరియా అంతటికీ వేపనూనె పూత తప్పనిసరి. ఆ నూనె కొలిమిలో మాడి పొడిని గోధుమరంగుకు తిప్పుతుంది, మసి కార్బన్ మిగులుస్తుంది. పైగా రైతుకు సబ్సిడీ మీద ఇచ్చే యూరియాను వేరే పనికి మళ్లించడం చట్టరీత్యా నేరం. ల్యాబ్ గ్రేడ్ యూరియా అరకిలో సీసా చాలు.

టైటానియా విషయంలో పొరపాటు ఇంకా సులువుగా జరుగుతుంది. పెయింట్ల కొట్లో దొరికే తెల్ల టైటానియం ఎక్కువగా రూటైల్ అనే వేరే స్ఫటిక రకం, దాని రేణువుల మీద సిలికా, అల్యూమినా పూత ఉంటుంది. ఆ పూత వేసేదే ఉత్ప్రేరణను ఆపడానికి. లేకపోతే ఎండకు టైటానియా చుట్టూ ఉన్న పెయింటు జిగురునే తినేస్తుంది. పెయింటు వేసిన పాత గోడను చేత్తో రుద్దితే సుద్దలా తెల్లపొడి అంటుకుంటుందే, అది కొంతవరకు ఈ పనే. కాబట్టి పూత లేని నానో అనటేజ్ గానీ, పీ25 పేరుతో అమ్మే టైటానియా గానీ అడగండి. పీ25లో సుమారు 80 పాళ్లు అనటేజ్, 20 పాళ్లు రూటైల్. రేణువు 21 నానోమీటర్ల దరిదాపు.

ఇవికాక మిథిలీన్ బ్లూ, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, డిస్టిల్డ్ వాటర్, మూత ఉన్న 50 మి.లీ. అల్యూమినా క్రూసిబుళ్లు, ఎన్95 మాస్కు కావాలి. మాస్కును తేలిగ్గా తీసుకోవద్దు. పీల్చే టైటానియా పొడిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2బి వర్గంలో, అంటే క్యాన్సర్‌కు కారణం కావచ్చన్న జాబితాలో పెట్టింది. తూకం వేసేచోట ఫ్యాన్ ఆపండి. ఇథనాల్ బదులు ఐసోప్రొపైల్ చెప్పడానికి కారణం ఉంది: శుద్ధ ఇథనాల్‌కు అనుమతుల చిక్కులుంటాయి, ఇది మామూలుగానే దొరుకుతుంది.

కార్బన్ నైట్రైడ్ కాల్చడం

క్రూసిబుల్‌లో 20 గ్రా. యూరియా వెయ్యండి. సగం దాటకూడదు. యూరియా 133 డిగ్రీల దగ్గర కరిగి, తర్వాత పాలలా పొంగుతుంది. నిండుగా పోస్తే పొంగి కొలిమి అడుగున అంటుకుంటుంది. మూత పెట్టి, పైన అల్యూమినియం ఫాయిల్‌ను రెండు పొరలుగా చుట్టండి. మూత వదులుగా ఉంటే వచ్చే పదార్థం ఇంకా తగ్గిపోతుంది.

నిమిషానికి 5 డిగ్రీల చొప్పున 550కి ఎక్కించి, అక్కడ 3 గంటలు ఉంచండి. తర్వాత తలుపు తియ్యకుండా చల్లారనివ్వండి. ఈ పని జరుగుతున్నంతసేపు అమోనియా, కళ్లు మండించే ఇతర వాయువులు వస్తాయి. కొలిమి (మఫిల్ ఫర్నేస్) పొగగొట్టం ఫ్యూమ్ హుడ్ కిందో, ఎగ్జాస్ట్ ఫ్యాన్ పక్కనో ఉండాలి. కిటికీ తీశాం కదా అనుకుంటే సరిపోదు. పొగగొట్టం నోటి దగ్గర తెల్లటి పెచ్చు పేరుకుంటుంది, ప్రతిసారీ గీకెయ్యాలి. లేకపోతే గొట్టం పూడిపోయి వాయువు తలుపు సందుల్లోంచి గదిలోకి వస్తుంది.

కొలిమి కంట్రోలర్ గీత దాటి 20, 30 డిగ్రీలు ఎక్కేస్తుందేమో ముందే ఖాళీగా నడిపి చూడండి. 600 దాటితే కార్బన్ నైట్రైడ్ విరగడం మొదలవుతుంది, 700 దగ్గర ఏమీ మిగలదు. క్రూసిబుల్ తెరిస్తే ఖాళీగా ఉండటానికి చాలాసార్లు ఇదే కారణం.

సరిగ్గా కాలితే లేత పసుపు రంగు, దూదిలా తేలికైన పొడి కనిపిస్తుంది. 20 గ్రాములకు గ్రాము లోపే వస్తుంది. తక్కువొచ్చిందని బెంగపడకండి, యూరియా దారిలో దిగుబడి అంతే. మెలమిన్‌తో చేస్తే సుమారు సగం నిలుస్తుంది కానీ ఆ పొడి గట్టిగా, దళసరి పొరలుగా ఉంటుంది. మాకు యూరియా పొడే నచ్చుతుంది. బయటికొచ్చే వాయువులు పొరలను విడదీసి ఉపరితలాన్ని పెంచుతాయి. రంగు బూడిద, గోధుమ వైపు తిరిగితే వేడి ఎక్కువైనట్టో, యూరియాలో మలినం ఉన్నట్టో. ఆ పొడి పక్కన పెట్టి మళ్లీ కాల్చండి. పనికొచ్చే పొడిని 0.1 మోలార్ నైట్రిక్ యాసిడ్‌తో ఒకసారి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగిన నీరు తటస్థం అయ్యేదాకా కడిగి, 80 డిగ్రీల ఓవెన్‌లో రాత్రంతా ఆరబెట్టండి.

జత కలపడం

30:70 పాళ్లతో మొదలెట్టండి. 300 మి.గ్రా. కార్బన్ నైట్రైడ్‌ను 60 మి.లీ. ఐసోప్రొపైల్‌లో వేసి గంటసేపు బాత్ సోనికేటర్‌లో (శబ్ద తరంగాలతో రేణువులను విడదీసే నీళ్ల తొట్టిలో) పెట్టండి. సోనికేటర్ నీళ్లు వేడెక్కుతాయి. ఇరవై నిమిషాలకోసారి రెండు ఐసు ముక్కలు వెయ్యండి. వేరే బీకరులో 700 మి.గ్రా. టైటానియాను 40 మి.లీ. ఐసోప్రొపైల్‌లో అరగంట సోనికేట్ చేయండి. రెండోదాన్ని మొదటిదానిలోకి చుక్కచుక్కగా, కలుపుతూ పొయ్యండి. ఒక్కసారి గుమ్మరిస్తే టైటానియా టైటానియాకే అంటుకుని ముద్దలు కడుతుంది. మూత పెట్టి కనీసం ఆరు గంటలు స్టిరర్ మీద తిప్పండి.

తర్వాత మూత తీసి 65 డిగ్రీల హాట్ ప్లేట్ మీద, హుడ్ కింద, తిప్పుతూనే ఇగరనివ్వండి. దగ్గర్లో మంట ఉండకూడదు. తిప్పడం ఆపేసి ఇగరబెడితే బరువైన టైటానియా అడుక్కి దిగి రెండు పొరలవుతుంది, అప్పటిదాకా పడ్డ కష్టమంతా పోతుంది. ఆరిన పెచ్చును కల్వంలో మెత్తగా నూరి, మూత ఉన్న క్రూసిబుల్‌లో 400 డిగ్రీల దగ్గర 2 గంటలు కాల్చండి. రేణువుల మధ్య గట్టి అతుకు పడేది ఇక్కడే. మిగిలిన ఆల్కహాల్ పోయేదీ ఇక్కడే. అది పోకపోతే పరీక్షలో చిక్కు తెస్తుంది, ఎందుకంటే రంగును విరగ్గొట్టే హైడ్రాక్సిల్ రాడికళ్లను ఐసోప్రొపైల్ మింగేస్తుంది.

ఇప్పుడు చాలామంది వదిలేసే పని ఒకటి చేయండి. అవే పాళ్లలో రెండు పొడులను కల్వంలో ఊరికే కలిపి, కాల్చకుండా, వేరే సీసాలో పెట్టండి. మీ హైబ్రిడ్ ఈ ఉత్త మిశ్రమం కంటే గట్టిగా పనిచేస్తేనే జత కుదిరినట్టు. రెండూ ఒకేలా పనిచేస్తే మీరు చేసింది హైబ్రిడ్ కాదు, మిశ్రమమే.

ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌రేలతో స్ఫటిక రకాన్ని గుర్తించే పరీక్ష) తీయించే అవకాశం ఉంటే ఒక జాగ్రత్త. కార్బన్ నైట్రైడ్ ముఖ్య శిఖరం 27.4 డిగ్రీల దగ్గర వస్తుంది. పీ25లోని రూటైల్ శిఖరం కూడా సరిగ్గా అక్కడే. 27.4 చూపించి కార్బన్ నైట్రైడ్ ఉందని రాస్తే వైవాలో అడిగేవాళ్లు పట్టుకుంటారు. 36 డిగ్రీల దగ్గర రూటైల్ తోడు శిఖరం ఉందో లేదో చూడండి. కార్బన్ నైట్రైడ్‌కు ఎఫ్‌టీఐఆర్ (పరారుణ కాంతి పరీక్ష)లో 810 సెం.మీ.⁻¹ దగ్గర వచ్చే సన్నని గీత మంచి సాక్ష్యం. అనటేజ్‌ను ఎక్స్‌ఆర్‌డీలో 25.3 డిగ్రీల దగ్గర గుర్తుపట్టవచ్చు.

ఎండలో పరీక్ష

మిథిలీన్ బ్లూ 100 మి.గ్రా.ను 100 మి.లీ. నీటిలో కరిగించి స్టాక్ చేసుకోండి. దాన్నుంచి 5 మి.లీ. తీసి లీటరుకు నింపితే లీటరుకు 5 మి.గ్రా. ద్రావణం వస్తుంది. 664 నానోమీటర్ల దగ్గర దీని శోషణ విలువ 1 దరిదాపు ఉంటుంది. 10 మి.గ్రా. వాడితే 2 దగ్గరికి పోతుంది, అక్కడ మామూలు స్పెక్ట్రోఫోటోమీటర్లు నమ్మకంగా చెప్పవు. అలా వాడాల్సి వస్తే కొలిచే ముందు సగానికి పలచన చేయండి.

250 మి.లీ. బీకర్లు ఐదు. ఒక్కోదానిలో 100 మి.లీ. రంగు నీరు. మొదటిదానిలో పొడి లేదు. రెండోదానిలో 50 మి.గ్రా. హైబ్రిడ్, కానీ బీకరు చుట్టూ, పైనా ఫాయిల్. మూడోదానిలో 50 మి.గ్రా. టైటానియా. నాలుగోదానిలో ఉత్త మిశ్రమం. ఐదోదానిలో హైబ్రిడ్. అన్నీ ఒకే రోజు, ఒకే గంట, ఒకే ఎండలో ఉండాలి. నిన్నటి ఎండకు ఇవాళ్టి ఎండను పోల్చడం కుదరదు, సన్నని మబ్బు తెర వచ్చినా లెక్క మారిపోతుంది. ఐదు స్టిరర్లు లేకపోతే అక్వేరియం గాలి పంపుకు టీ కనెక్టర్లు పెట్టి అన్నిటికీ గాలి ఊదండి. నిజానికి అదే మేలు, కారణం కింద చెబుతాం.

ముందు అన్నిటినీ అట్టపెట్టె కింద చీకట్లో గంట ఉంచండి. రంగు అణువులు కొన్ని పొడికి అంటుకుంటాయి, దీన్నే అధిశోషణం అంటారు. 30వ నిమిషంలో, 60వ నిమిషంలో కొలవండి. రెండు విలువలూ ఒకటే అయితే అంటుకోవడం ఆగినట్టు. ఇంకా తగ్గుతుంటే మరో అరగంట. మీ ప్రారంభ విలువ ఈ చీకటి తర్వాత వచ్చినదే, రంగు కలిపినప్పటిది కాదు.

ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 1 మధ్య ఎండలోకి తీయండి. వెడల్పు స్టీలు పళ్లెంలో ఐసు నీళ్లు పోసి బీకర్లు అందులో నిలబెట్టి, లోపల 30 డిగ్రీల దగ్గర ఉంచండి. బెజవాడ ఎండకు ఐసు లేకపోతే నీరు ఇగిరిపోతుంది. 100 మి.లీ.లో 10 ఇగిరితే రంగు గాఢత 11 శాతం పెరిగి, మీ పొడి చేసిన పని తక్కువగా కనిపిస్తుంది. నమూనా తీసే ముందు బీకరు తూచి, తగ్గినంత బరువు డిస్టిల్డ్ వాటర్ పొయ్యండి. నమూనా తీశాక మళ్లీ తూచి ఆ బరువు రాసుకోండి.

15 నిమిషాలకోసారి 4 మి.లీ. తీసి, 10,000 ఆర్‌పీఎం దగ్గర 10 నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేయండి. సిరంజి ఫిల్టర్ వాడితే ముందుగా పొడి తగలని రంగు నీటిని దానిలోంచి పంపి కొలవండి. కొన్ని ఫిల్టర్ పొరలు మిథిలీన్ బ్లూను తామే తాగేస్తాయి, అప్పుడు ఉత్ప్రేరకం లేకుండానే "రంగు పోయింది".

ఒక్క 664 దగ్గర కాకుండా 400 నుంచి 800 దాకా మొత్తం గీత తీయండి. 800 దగ్గర విలువ సున్నాకు దగ్గరగా లేకపోతే పొడి ఇంకా నీటిలో తేలుతోంది, మళ్లీ తిప్పండి. శిఖరం కిందికి దిగడంతోపాటు ఎడమకు జరుగుతుంటే అణువు నుంచి మిథైల్ గుంపులు ఊడుతున్నాయే గానీ అణువులోని ఉంగరం ఇంకా విరగలేదు. రంగు పోయిన నీటిని సీసాలో గాలితో బాగా కుదిపితే నీలం తిరిగొస్తే అది విరగనే లేదు, రంగులేని ల్యూకో రూపంలోకి మారిందంతే.

లెక్క ఇలా. చీకటి తర్వాత ఐదో బీకరు 0.90, గంట ఎండ తర్వాత 0.27 అనుకుందాం. 0.90ని 0.27తో భాగించి సహజ లాగరిథమ్ తీస్తే 1.204. 60తో భాగిస్తే నిమిషానికి 0.0201. పొడి లేని మొదటి బీకరు 0.90 నుంచి 0.74కి దిగితే దాని వేగం 0.0033. మీ పొడి ఖాతాలో పడేది వీటి తేడా, అంటే 0.0168. రిపోర్టులో మూడూ రాయండి.

గాలి ఎందుకు?

మిథిలీన్ బ్లూ అణువు ఒక్కటి పూర్తిగా కార్బన్ డయాక్సైడ్, నీరు, ఆమ్లాలుగా విడిపోవాలంటే 25.5 ఆక్సిజన్ అణువులు కావాలి. లీటరుకు 5 మి.గ్రా. రంగుకు అది సుమారు 13 మి.గ్రా. ఆక్సిజన్. 30 డిగ్రీల నీటిలో కరిగి ఉండేది దాదాపు 7.5 మి.గ్రా. మాత్రమే. కదలని నీటిలో రంగు చప్పున పలచబడి, ఆ తర్వాత పని నత్తనడక నడవడానికి ఇది ఒక కారణం. గాలి పంపు పెట్టండి.

అద్దకం నీళ్లకు వచ్చేసరికి

ల్యాబ్ నీటిలో గంటలో అయిన పని అద్దకం తొట్టి నీటిలో రోజంతా పెట్టినా కాకపోవచ్చు. రియాక్టివ్ రంగులతో అద్దితే నీటిలో ఉప్పు, సోడా యాష్ దండిగా ఉంటాయి, పీహెచ్ 10 దాటుతుంది. కార్బనేట్, బైకార్బనేట్ అయాన్లు హైడ్రాక్సిల్ రాడికళ్లను దారిలోనే మింగేస్తాయి. వ్యాట్ రంగులైతే అద్దకంలో వాడే హైడ్రోస్ (సోడియం డైథయోనైట్) మిగిలి ఉంటుంది, ఉత్ప్రేరకం ముందు దాన్ని ఆక్సీకరించడంలోనే అలసిపోతుంది. గుంటూరు బోరు నీళ్లతో పలచన చేసినా ఇదే గొడవ. గిన్నె అడుగున తెల్ల పెచ్చు కట్టే నీళ్లంటే బైకార్బనేట్ ఉన్న నీళ్లే.

కాబట్టి నమూనాను ఒక రోజు తేరనిచ్చి, గుడ్డలో వడగట్టి, అరరోజు గాలి ఊది హైడ్రోస్‌ను చంపండి. పలచని సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో పీహెచ్ ముందు 4 దగ్గరికి దించితే బైకార్బనేట్ బుడగలుగా పోతుంది, అరగంట గాలి ఊదాక అవసరాన్ని బట్టి సర్దుకోండి. ఇక్కడ రంగు ఏ రకమో చూడాలి. టైటానియా ఉపరితలం పీహెచ్ 6 పైన రుణావేశం, దిగువన ధనావేశం తీసుకుంటుంది. మిథిలీన్ బ్లూ ధనావేశపు రంగు, అది 7 పైన బాగా అంటుకుంటుంది. రియాక్టివ్ రంగులు రుణావేశపువి, వాటికి 4, 5 మధ్య మంచిది. ఒకదానికి కుదిరిన పీహెచ్‌ను రెండోదానికి వాడి ఉత్ప్రేరకం పనిచేయలేదని తేల్చెయ్యకండి.

చిక్కని నీటిలోకి కాంతి దిగదు. పది రెట్లు పలచన చేసి, బీకరు బదులు వెడల్పు తెల్ల ఎనామెల్ ట్రేలో రెండు సెంటీమీటర్ల లోతున పరచండి. శుభ్రపడిందో లేదో చెప్పేది రంగు కాదు, సీఓడీ, అంటే నీటిలోని మలినాలను ఆక్సీకరించడానికి కావాల్సిన ఆక్సిజన్ కొలత. ముందు, తర్వాత రెండు నమూనాలూ సీఓడీకి పంపండి. వేగం కోసం హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి ఉంటే ఆ మాట ల్యాబ్‌కు చెప్పాలి, మిగిలిన పెరాక్సైడ్ కూడా ఆ పరీక్షలో వేసే డైక్రోమేట్‌ను వాడేసుకుని సీఓడీని ఎక్కువ చేసి చూపిస్తుంది.

కనిపించే కాంతికే మీ పొడి పనిచేస్తుందని చెప్పాలంటే ఎండ సాక్ష్యం చాలదు. అతినీలలోహితం లేని తెల్ల ఎల్ఈడీ ఫ్లడ్ లైటు కింద చేయండి. అక్కడ మిథిలీన్ బ్లూ కూడా వద్దు, అది తానే కాంతి తాగి ఎలక్ట్రాన్‌ను టైటానియాకు అందిస్తుంది. రంగులేని పారాసిటమాల్ లాంటిది తీసుకుని, క్వార్ట్జ్ క్యువెట్‌లో 243 నానోమీటర్ల దగ్గర కొలవండి. విరిగిన ముక్కలు కూడా ఆ చుట్టుపక్కలే శోషిస్తాయి కనుక పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం దొరికితే దానిమీదే ఆధారపడండి.

మళ్లీ వాడటం, పారబోయడం

నాలుగైదు సార్లు తిరిగి వాడి చూడండి. ప్రతిసారీ పొడిని తేర్చి, కడిగి, ఆరబెట్టి తూచాలి. వేగం తగ్గిందంటే పొడి చచ్చిందని కాదు, చాలాసార్లు కడుగుడులో పోయి పొడే తగ్గి ఉంటుంది. ఒకే రకం బీకర్లు మూడు నడిపి, పొడినంతా కలిపి, ప్రతి విడతా లీటరుకు అరగ్రాము లెక్క నిలబెట్టండి. తూకం సరిగ్గా ఉన్నా వేగం పడిపోతే అప్పుడు ఉపరితలం మీద ముక్కలు పేరుకున్నట్టు. డిస్టిల్డ్ వాటర్‌లో వేసి రెండు గంటలు ఎండలో తిప్పితే చాలావరకు తేరుకుంటుంది.

మిగిలిన నీళ్లను సింకులో పొయ్యకండి, అవి చివరికి చేరేది ఏదో ఒక కాలువలోకే. వరద రోజుల్లో కృష్ణ నీళ్లకు పటిక తిప్పినట్టే, లీటరుకు 100 మి.గ్రా. పటిక వేసి, పీహెచ్ 6.5 దగ్గర ఉంచి, రెండు నిమిషాలు జోరుగా, పది నిమిషాలు మెల్లగా కలిపి రాత్రంతా వదలండి. పొడి తెల్ల మడ్డిలా అడుక్కి దిగుతుంది. పైతేట తీసేసి, మడ్డిని కాస్త ఆరనిచ్చి, దుమ్ము లేవకుండా తడి తడిగా ఉండగానే మూత డబ్బాలోకి ఎత్తి, తేదీతో లేబుల్ అంటించి ల్యాబ్ ఘన వ్యర్థాల్లో ఇవ్వండి.